పర్వతారణ్యాల సూక్ష్మ ముక్కు పురుగులు: నూతన జాతి వర్ణన విధానం – ట్రైగొనాప్టెరస్ ప్రజాతి ఆధారంగా ఒక అధ్యయన పాఠం

సారాంశం

ఆగ్నేయాసియా, మెలనీసియా ద్వీపాల పర్వతారణ్యాలలో రాలిన ఆకుల పొరల నడుమ నివసించే ట్రైగొనాప్టెరస్ ప్రజాతి ముక్కు పురుగులు పరిమాణంలో అతి చిన్నవి, రెక్కలతో ఎగరలేనివి, పైకి ఒకదానినొకటి పోలి ఉండేవి. 2013 నుండి 2019 వరకు మూడు ప్రధాన ప్రచురణలలోనే ఈ ప్రజాతికి చెందిన 302 నూతన జాతులు వర్ణించబడ్డాయి. బాహ్య స్వరూపం, మగ జననాంగ నిర్మాణం, డి.ఎన్.ఎ. బార్‌కోడ్ అనే మూడు ఆధారాలను కలిపి ఉపయోగించడం వల్ల ఇది సాధ్యమైంది. నమూనా సేకరణ నుండి నామకరణం వరకు గల దశలను, నియమావళి విధించే షరతులను, వేగవంతమైన వర్ణన విధానంపై గల అభ్యంతరాలను ఈ వ్యాసం వివరిస్తుంది. జాతి నిర్ణయంలో జరిగిన పొరపాటు సస్యరక్షణను ఎట్లా దారి తప్పిస్తుందో సాల్వీనియా కలుపు, మిరప తామర పురుగుల ఉదాహరణలతో చర్చిస్తుంది.

కీలక పదాలు: ముక్కు పురుగులు, ట్రైగొనాప్టెరస్, నూతన జాతి, వర్గీకరణ శాస్త్రం, డి.ఎన్.ఎ. బార్‌కోడ్, హోలోటైప్, జీవనియంత్రణ

ఉపోద్ఘాతం

ఒక కీటకానికి శాస్త్రీయ నామం లేనంత కాలం దానిని గురించి ఎంత సమాచారం సేకరించినా ఆ సమాచారం ఒకచోట చేరదు. అది ఏ మొక్కను తింటుంది, ఎన్ని తరాలు పూర్తి చేస్తుంది, దానిని తినే శత్రువులు ఏవి అన్న ప్రశ్నలకు లభించిన సమాధానాలన్నీ పేరు ఆధారంగానే గ్రంథాలలోను, సమాచార నిధులలోను నిలుస్తాయి. అందువల్ల జాతి వర్ణన అనేది మ్యూజియం గదులకు పరిమితమైన పని కాదు. కీటక శాస్త్రంలోని ప్రతి విభాగమూ దాని మీదనే నిలబడి ఉంది.

పెంకు పురుగుల క్రమంలో ఇప్పటివరకు దాదాపు నాలుగు లక్షల జాతులు వర్ణించబడ్డాయి. జంతు ప్రపంచంలో మరే క్రమానికీ ఇన్ని జాతులు లేవు. ఈ క్రమంలో కర్క్యులియోనిడే కుటుంబానికి చెందిన ముక్కు పురుగులు అత్యంత విస్తృతమైన సమూహాలలో ఒకటి. తెలుగు రైతుకు నిల్వ ధాన్యంలో కనిపించే బియ్యపు ముక్కు పురుగు, కొబ్బరి తోటలలోని ఎర్ర ముక్కు పురుగు చిరపరిచితాలు. అయితే పంటలతో సంబంధం లేక, కొండ అడవుల నేలపొరలలో జీవిస్తూ, మనిషి కంటికి ఆనక మిగిలిపోయిన ముక్కు పురుగుల సంఖ్య చాలా ఎక్కువ. అటువంటి వాటిలో ట్రైగొనాప్టెరస్ ప్రజాతి ఒక చక్కని అధ్యయన ఉదాహరణ.

ట్రైగొనాప్టెరస్ ప్రజాతి లక్షణాలు

ఈ ప్రజాతిని 1862లో ఫ్రెంచి కీటక శాస్త్రజ్ఞుడు ఫోవెల్ స్థాపించాడు. పశ్చిమాన సుమత్రా నుండి తూర్పున సమోవా వరకు, దక్షిణాన న్యూ కాలెడోనియా వరకు ఇది వ్యాపించి ఉంది. శరీరం పొడవు సుమారు 1.5 నుండి 6 మి.మీ. వరకు ఉంటుంది, సులవేసి ద్వీపపు జాతులు ఎక్కువగా 2 నుండి 3 మి.మీ. లోపువే. వెనుక రెక్కలు క్షీణించినందున ఇవి ఎగరలేవు. గట్టి పెంకు రెక్కలు శరీరాన్ని బిగువుగా కప్పి ఉంటాయి. అలికిడి కాగానే ఇవి ముక్కును వక్షం అడుగున గల గాడిలోకి మడిచి, కాళ్లను దగ్గరకు ముడుచుకొని చచ్చినట్లు పడి ఉంటాయి. ఆ స్థితిలో వీటికీ ఎండిన గింజకూ తేడా తెలియదు.

ఈ కాళ్ల ముడుపు వెనుక ఒక విశిష్ట నిర్మాణం ఉన్నట్లు 2011లో వెల్లడైంది. జర్మనీలోని కార్ల్స్‌రూహె పరిశోధకులు థామస్ వాన్ డి కాంప్, అలెగ్జాండర్ రీడెల్ తదితరులు ట్రైగొనాప్టెరస్ ఆబ్లాంగస్ జాతి తొడ కీలును సింక్రోట్రాన్ ఎక్స్-కిరణ టోమోగ్రఫీతో పరిశీలించారు. కాలి మొదటి ఖండమైన కాక్సా లోపలి వైపు నట్టువలె 345 డిగ్రీల మేర మరలు కలిగి ఉండగా, రెండవ ఖండమైన ట్రోకాంటర్ బోల్టువలె 410 డిగ్రీల మేర మరలు కలిగి ఉన్నట్లు వారు గుర్తించారు. జీవ శరీరంలో మరచుట్టు కీలు వర్ణించబడడం అదే మొదటిసారి. కొద్ది మిల్లీమీటర్ల పురుగును కొత్త పరికరంతో చూసినపుడు ఎంతటి అంశం బయటపడగలదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

పర్వతారణ్యాలలో జాతుల సంఖ్య అధికంగా ఉండుటకు కారణాలు

ఎగరలేని కీటకానికి ఒక లోయ సముద్రంతో సమానమైన అడ్డంకి. చల్లని, తేమతో కూడిన కొండ అడవికి అలవాటు పడిన పురుగు వేడి లోయను దాటి ఎదుటి కొండకు చేరడం అరుదు. ఆ విధంగా విడిపోయిన సమూహాల మధ్య జన్యు మార్పిడి ఆగిపోతుంది. కాలక్రమంలో ఒక్కొక్క సమూహం ప్రత్యేక జాతిగా పరిణమిస్తుంది. ఒకే కొండపై కూడా ఎత్తు మారే కొద్దీ ఉష్ణోగ్రత, తేమ, వృక్షసంపద మారుతాయి గనుక దిగువ అడవిలోని జాతులు ఎగువ అడవిలో కనిపించకపోవచ్చు. నేల మీది ఆకుల పొరలో నివసించే జాతులు వేరు, పొదల ఆకులపై నివసించే జాతులు వేరు.

న్యూ గినీలోని ఏడు ప్రాంతాల నుండి సేకరించి, డి.ఎన్.ఎ. క్రమం నిర్ణయించిన 1,002 నమూనాల అధ్యయనం 2012లో ప్రచురితమైంది. వాటిలో 279 జాతులు ఉన్నట్లు తేలింది. ఒక ప్రాంతపు జాతులు మరొక ప్రాంతంలో కనిపించడం అరుదుగా ఉంది. 1862 నుండి అంతవరకు మొత్తం ప్రజాతిలో వర్ణితమైన జాతులు వందకు లోపేనన్న విషయంతో పోల్చితే ఈ సంఖ్య ప్రాముఖ్యం అర్థమవుతుంది.

ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఇమిడి ఉంది. ఒకే కొండకు పరిమితమైన జాతికి ఆ కొండ అడవియే సమస్త ప్రపంచం. ఆ వాలు చదును చేయబడితే సమీప అడవి నుండి అది తిరిగి వచ్చే అవకాశం లేదు. పేరు పెట్టక ముందే అంతరించిన జాతికి ఏ జాబితాలోనూ స్థానం ఉండదు; నష్టం జరిగినట్లు కూడా నమోదు కాదు.

నమూనాల సేకరణ

సూక్ష్మ పెంకు పురుగులను చేతితో ఏరడం సాధ్యం కాదు. అందువల్ల నేలపై రాలిన ఆకులను, కుళ్లిన పుల్లలను, పై మట్టిని గుడ్డ సంచికి అమర్చిన జల్లెడలో వేసి జల్లించాలి. జల్లెడ క్రిందికి దిగిన సన్నని పదార్థాన్ని వింక్లర్ సంచులలోనో బెర్లీజ్ గరాటులోనో ఉంచుతారు. పదార్థం క్రమంగా ఆరిపోతుంటే లోపలి కీటకాలు తేమను వెతుకుతూ క్రిందికి జారి సీసాలో పడతాయి. పొదలపై ఉండే జాతుల కోసం కొమ్మ క్రింద తెల్లని గుడ్డ పట్టి కర్రతో తట్టుతారు. గుడ్డపై పడిన పురుగులు చచ్చినట్లు నటిస్తాయి గనుక చెత్తతో పాటు వాటిని పారవేయకుండా కొంతసేపు వేచి చూడవలసి ఉంటుంది.

డి.ఎన్.ఎ. పరీక్ష ఉద్దేశమైతే నమూనాలను 95 శాతం లేదా అంతకు మించిన ఇథనాల్‌లో భద్రపరచాలి. పలుచని ఆల్కహాల్‌లో డి.ఎన్.ఎ. క్షీణిస్తుంది, ఫార్మలిన్ ఈ పనికి తగదు. ప్రతి సీసాలోనూ ప్రదేశం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుండి ఎత్తు, తేదీ, సేకరణ విధానం, సేకర్త వివరాలు గల చీటీ లోపలే ఉండాలి. చీటీ లేని నమూనా ఎంత అరుదైనదైనా శాస్త్రానికి దాదాపు నిరుపయోగం.

జాతి నిర్ణయానికి మూడు ఆధారాలు

మొదటిది బాహ్య స్వరూపం. శరీర పొడవు, వర్ణం, ముక్కుపై గట్లు, వక్షపు పై ఫలకం మీది గుంటలు, పెంకు రెక్కలపై చారలు, తొడ అంచున పళ్లవంటి నిర్మాణాలు, పొలుసుల అమరిక మొదలైనవి సూక్ష్మదర్శినిలో పరిశీలించబడతాయి. అయితే ఈ ప్రజాతిలో అనేక జాతులు నల్లగా, నున్నగా, ఒకే ఆకారంలో ఉంటాయి. కేవలం పై రూపంతో వేరుచేయబోతే రెండు జాతులను ఒకటిగా భావించడమో, ఒకే జాతిలోని చిన్న, పెద్ద నమూనాలను రెండుగా భావించడమో జరుగుతుంది.

రెండవది మగ జననాంగ నిర్మాణం. పెంకు పురుగులలో దగ్గరి సంబంధం గల జాతుల మధ్య కూడా ఈ భాగం స్పష్టమైన భేదాలను చూపుతుంది. ఉదర భాగాన్ని వేరుచేసి, మెత్తని కణజాలాన్ని కరిగించి, గట్టి నిర్మాణాన్ని గ్లిజరిన్‌లో ఉంచి చిత్రాలు తీస్తారు. రెండు మి.మీ. పురుగులో ఈ భాగం మరింత చిన్నది గనుక ఈ పనికి నైపుణ్యం, ఓర్పు రెండూ అవసరం.

మూడవది డి.ఎన్.ఎ. బార్‌కోడ్. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ 1 జన్యువులో 658 క్షార జతల భాగాన్ని జంతువుల గుర్తింపునకు ప్రామాణికంగా వాడవచ్చునని కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. పురుగు శరీరాన్ని నుగ్గు చేయకుండానే డి.ఎన్.ఎ.ను రాబట్టి, అదే శరీరాన్ని తరువాత అట్టముక్కపై అతికించి భద్రపరచే పద్ధతి నేడు అందుబాటులో ఉంది. దీనివల్ల క్రమం తీసిన నమూనా, వర్ణించిన నమూనా ఒకటే అవుతాయి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. మైటోకాండ్రియా తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. గనుక సంకరం జరిగిన చోట అది తప్పుదారి పట్టించవచ్చు. ఒకే జాతిలోని దూర సమూహాల మధ్య తేడా కొన్నిసార్లు ఊహించిన దానికన్నా ఎక్కువగా ఉంటుంది. రూపం, జననాంగం, జన్యుక్రమం మూడూ ఒకే దిశను సూచించినపుడు నిర్ణయం బలపడుతుంది. అవి విభేదించినపుడు మరిన్ని నమూనాలు సేకరించవలసి ఉంటుంది.

వర్ణన, నామకరణ నియమాలు

జంతువుల పేర్లను అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నియంత్రిస్తుంది. ప్రస్తుతం అమలులో ఉన్న నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుండి వర్తిస్తున్నది. జంతు నామకరణానికి ఆరంభంగా 1758లో వెలువడిన లినేయస్ గ్రంథపు పదవ కూర్పును పరిగణిస్తారు. నేడు ఒక నూతన జాతి నామం చెల్లుబాటు కావలెనంటే ఈ క్రింది షరతులు నెరవేరాలి.

1. ఇది నూతన జాతి అని రచనలో స్పష్టంగా ప్రకటించాలి.
2. ఆ జాతిని ఇతర జాతుల నుండి వేరుపరచే లక్షణాలను మాటలలో తెలపాలి. కేవలం చిత్రం చాలదు.
3. హోలోటైప్‌ను లేదా సిన్‌టైప్‌లను నిర్దేశించి, అవి ఏ సంస్థ సేకరణలో భద్రపరచబడినవో లేదా భద్రపరచబడనున్నవో పేర్కొనాలి.
4. రచన కేవలం ఎలక్ట్రానిక్ రూపంలో వెలువడితే, 2012 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం దానిని జూబ్యాంక్‌లో నమోదు చేయాలి.

హోలోటైప్ అనగా ఆ పేరును శాశ్వతంగా మోసే ఏకైక నమూనా. మరో శతాబ్దం తరువాత జాతి పరిధిపై వివాదం తలెత్తినా పేరు ఆ ఒక్క నమూనాతోనే పోతుంది. దానితో పాటు పరిశీలించిన ఇతర నమూనాలను పారాటైప్‌లుగా పేర్కొంటారు. అవి జాతిలోని వైవిధ్యాన్ని చూపుతాయి గాని పేరును మోయవు. ఒకే జాతికి రెండు పేర్లు పెట్టబడితే సాధారణంగా ముందు ప్రచురితమైనది నిలుస్తుంది. అందువల్ల పాత గ్రంథాలను, పాత హోలోటైప్‌లను పరిశీలించకుండా కొత్త పేరు పెట్టడం తరువాతివారికి చిక్కులు మిగులుస్తుంది.

జాతి వర్ణనలో సాధారణంగా భేదక లక్షణాలు, హోలోటైప్ వర్ణన, జాతిలోని వైవిధ్యం, పరిశీలించిన నమూనాలు, వ్యాప్తి, నివాస స్థితి, పేరు వ్యుత్పత్తి అనే భాగాలు ఇదే క్రమంలోనో కొద్ది మార్పుతోనో ఉంటాయి.

వేగవంతమైన వర్ణన: ఫలితాలు, అభ్యంతరాలు

ఒక్కొక్క జాతికి అనేక పుటల వర్ణన వ్రాసే సంప్రదాయ పద్ధతిలో వందలాది జాతులను వర్ణించాలంటే ఒక జీవితకాలం చాలదు. దీనికి ప్రత్యామ్నాయంగా రీడెల్ బృందం 2013లో న్యూ గినీ నుండి 101 నూతన ట్రైగొనాప్టెరస్ జాతులను ఒకే ప్రచురణలో వర్ణించింది. ప్రతి జాతికి సంక్షిప్తమైన ప్రామాణిక వర్ణన, నాణ్యమైన ఛాయాచిత్రాలు, జననాంగ చిత్రం, డి.ఎన్.ఎ. క్రమం ఇవ్వబడ్డాయి. ఇన్ని పేర్లు కూర్చడమే ఒక సమస్య కావడంతో పాపువా న్యూ గినీ టెలిఫోను పుస్తకంలోని ఇంటిపేర్లను సైతం ఉపయోగించారు. 2014లో జావా, బాలి తదితర ద్వీపాల నుండి 98 జాతులు, 2019లో సులవేసి నుండి 103 జాతులు వర్ణించబడ్డాయి. సులవేసి నుండి అంతకు ముందు 1885లో వర్ణితమైన ఒకే ఒక జాతి తెలిసి ఉండేది. ఈ కృషిలో ఇండొనేషియా జంతు మ్యూజియానికి చెందిన రాడెన్ ప్రమేస నరకుసుమో ప్రధాన భాగస్వామి. 2021లో మధ్య సులవేసి నుండి మరో 28 జాతులు వెలువడ్డాయి. డార్విన్, వాట్సన్, క్రిక్ వంటి శాస్త్రజ్ఞుల పేర్లతో పాటు ఆస్టెరిక్స్ వంటి బొమ్మల కథల పాత్రల పేర్లు కూడా ఈ జాతులకు దక్కాయి.

ఈ విధానంపై అభ్యంతరాలు లేకపోలేదు. వర్ణన సంక్షిప్తమైతే డి.ఎన్.ఎ. ప్రయోగశాల అందుబాటులో లేని దేశాల పరిశోధకులు ఆ జాతిని గుర్తించలేకపోవచ్చు. గుర్తింపు కీ లేకపోతే వందల వర్ణనలను ఒక్కొక్కటిగా పోల్చవలసి వస్తుంది. పాత హోలోటైప్‌ల నుండి డి.ఎన్.ఎ. లభించకపోతే పాత పేరుకు, కొత్త క్రమానికి లంకె కుదరదు. మరొక వైపు, పరిపూర్ణ వర్ణన కోసం వేచి ఉంటే అడవి వేచి ఉండదన్న వాదమూ బలమైనదే. ఈ రెండింటి మధ్య ట్రైగొనాప్టెరస్ పరిశోధకులు అనుసరించిన మార్గం గమనించదగినది: వర్ణనను కుదించారు గాని రూప లక్షణాలను, జననాంగ చిత్రాన్ని విడిచిపెట్టలేదు. బార్‌కోడ్‌ను ఆధారాలలో ఒకటిగా తీసుకున్నారు గాని ఏకైక ఆధారంగా తీసుకోలేదు.

వ్యవసాయంలో జాతి నిర్ణయం విలువ

అడవిలోని పేరులేని పురుగుకూ పొలానికీ సంబంధమేమిటన్న ప్రశ్నకు సాల్వీనియా కలుపు చరిత్ర తగిన సమాధానం. దక్షిణ అమెరికా నుండి వ్యాపించిన ఈ నీటి ఫెర్న్ ఆఫ్రికాలోని కరీబా జలాశయాన్ని, శ్రీలంకను, కేరళ వరిపొలాలను, కాలువలను, పాపువా న్యూ గినీలోని సెపిక్ నదిని ఆక్రమించింది. కేరళలో దీనిని ఆఫ్రికన్ పాయల్ అంటారు. చాలాకాలం దీనిని సాల్వీనియా ఆరిక్యులేటాగా భావించి, ఆ జాతిపై జీవించే కీటకాలను తెచ్చి విడుదల చేశారు. ఆశించిన ఫలితం రాలేదు. ఈ కలుపు వేరొక జాతి అని నిర్ధారించి 1972లో మిచెల్ దానికి సాల్వీనియా మొలెస్టా అని పేరు పెట్టాడు. ఆ తరువాత దాని స్వస్థలం ఆగ్నేయ బ్రెజిల్ అని తేలింది.

అక్కడ ఆ మొక్కపై సుమారు 2 మి.మీ. పొడవు గల ఒక ముక్కు పురుగు లభించింది. రూపంలో అది అంతకు ముందు విఫలమైన సిర్టోబాగస్ సింగ్యులారిస్‌ను పోలి ఉండడంతో మొదట దానినే అనుకున్నారు. 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డర్రా జలాశయంలో విడుదల చేయగా, కొద్దికాలంలోనే అక్కడి కలుపు నశించింది. పాత పురుగు చేయలేని పనిని ఇది ఎట్లా చేసిందని పరిశీలించగా, దీని పిల్ల పురుగులు కాండం లోపల తొలుచుకుంటూ పోతాయని, పాత జాతికి ఆ అలవాటు లేదని తెలిసింది. 1985లో కాల్డర్, సాండ్స్ దీనిని సిర్టోబాగస్ సాల్వీనియే అనే నూతన జాతిగా వర్ణించారు. 1980ల దశకంలోనే ఈ పురుగును భారతదేశంలో బెంగళూరులోను, కేరళలోను విడుదల చేసి మంచి ఫలితాలు సాధించారు. మొక్క పేరు ఒకసారి, పురుగు పేరు ఒకసారి పొరబడిన ఈ ఉదంతంలో, గ్రామాలకు పడవ దారులు మూసుకుపోయి, వరి మళ్లు నిండిపోయిన సంవత్సరాలే ఆ పొరపాటుకు చెల్లించిన మూల్యం.

తెలుగు రాష్ట్రాలలో ఇటీవలి అనుభవం మిరపకు సంబంధించినది. 2021-22 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మిరప పూతను తీవ్రంగా నష్టపరచినది చిరకాలంగా తెలిసిన సిర్టోథ్రిప్స్ డార్సాలిస్ కాదు; థ్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు. మన దేశంలో ఇది 2015లో బెంగళూరు వద్ద బొప్పాయిపై మొదట నమోదైంది. పాత జాతి లేత ఆకులను ఆశించి పైముడత కలిగిస్తే, ఈ జాతి పూలలో గుంపులుగా చేరుతుంది. రెండూ తామర పురుగులే అన్న సాధారణ పేరుతో ఒకే చికిత్స సూచిస్తే ఖర్చు పెరుగుతుందే గాని పంట దక్కదు.

సరైన గుర్తింపు మేలు చేసిన సందర్భమూ ఉంది. ఆయిల్ పామ్ పరాగ సంపర్కం ప్రధానంగా గాలి వల్ల జరుగుతుందన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. కామెరూన్‌లో జరిగిన పరిశీలనలో ఇలీడోబియస్ కామెరూనికస్ అనే చిన్న ముక్కు పురుగు ఈ పనిలో ముఖ్యమైనదని తేలింది. 1981లో దానిని మలేషియాలో విడుదల చేయడంతో చేతితో పరాగ సంపర్కం చేసే అవసరం తొలగింది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆయిల్ పామ్ తోటలలో గెలల దిగుబడి ఈ పురుగుపై ఆధారపడి ఉంది.

విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. కొత్త లక్షణాలతో నష్టం కనిపించినపుడు మందు సూచించడానికి ముందు నమూనా సేకరించాలి. ఛాయాచిత్రం నమూనాకు ప్రత్యామ్నాయం కాదు.
2. ఒకే పురుగు చాలదు. ఆడ, మగ, పిల్ల దశలు కలిసేలా వీలైనన్ని నమూనాలు తీసుకోవాలి. కొన్నింటిని ఇథనాల్‌లోను, కొన్నింటిని పొడిగా అట్టముక్కపై అతికించి భద్రపరచాలి.
3. ఆతిథ్య మొక్క, ఆశించిన భాగం, పంట దశ, పరిసర పంటలు చీటీపై నమోదు చేయాలి.
4. సమాచార నిధిలోని డి.ఎన్.ఎ. క్రమంతో సరిపోలినంత మాత్రాన జాతి నిర్ధారణ పూర్తి కాదు. ఆ నిధిలోని పేరే తప్పు కావచ్చు. రూప లక్షణాలతో సరిచూడాలి.
5. న్యూఢిల్లీలోని జాతీయ పూసా సేకరణ, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, కోల్‌కతా కేంద్రంగా గల భారత జంతు సర్వేక్షణ సంస్థల సేకరణలతో పోల్చిన తరువాతనే నూతన జాతి అన్న నిర్ణయానికి రావాలి.
6. జీవవైవిధ్య చట్టం, 2002లోని 39వ సెక్షన్ ప్రకారం నూతన జాతిని కనుగొన్నవారు ఆ విషయాన్ని నిర్దేశిత భాండాగారానికి తెలిపి, నమూనాలను అక్కడ జమ చేయాలి. రక్షిత అడవులలో సేకరణకు అటవీ శాఖ ముందస్తు అనుమతి తప్పనిసరి.

ట్రైగొనాప్టెరస్ వ్యాప్తి సుమత్రా నుండి తూర్పువైపు ద్వీపాలకే చెందినదైనా, దానిపై రూపొందిన పద్ధతి ఎక్కడైనా వర్తిస్తుంది. తూర్పు కనుమలలోని అరకు, నల్లమల ప్రాంతాల అడవి నేలపొరల అధ్యయనానికి ఒక జల్లెడ, ఒక గరాటు, ఇథనాల్ సీసాలు, ఓర్పు ఉంటే ఏ విశ్వవిద్యాలయ విద్యార్థి అయినా శ్రీకారం చుట్టవచ్చు.

ముగింపు

రెండు మిల్లీమీటర్ల పురుగుకు పేరు పెట్టడానికి కొండ ఎక్కడం, ఆకులు జల్లించడం, జననాంగాన్ని విడదీయడం, జన్యుక్రమం చదవడం, పాత గ్రంథాలు తిరగవేయడం, నమూనాను భద్రంగా అప్పగించడం అనే పనులన్నీ అవసరమవుతాయి. ఈ శ్రమలో ఏ దశ లోపించినా పేరు బలహీనమవుతుంది. బలహీనమైన పేరుపై కట్టిన సస్యరక్షణ సలహా కూడా బలహీనమే. సాల్వీనియా విషయంలో సరైన పురుగు బ్రెజిల్ నీటి మడుగులలో మొదటి నుండీ ఉన్నది. కొరవడినది దానిని గుర్తుపట్టే జ్ఞానం మాత్రమే. పర్వతారణ్యాలలో ఇంకా పేరు లేని పురుగులలో ఏది రేపు ఏ పంటకు అక్కరకు వస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. అందువల్ల వాటిని వర్ణించి ఉంచడం, అవి నివసించే అడవిని నిలిపి ఉంచడం వ్యవసాయ శాస్త్రానికి పరాయి పనులు కావు.